పరిశీలించిన మనిషి

ఆ సోమవారం ఆమె చెయ్యవలసిన పనులు ఇవి. అమ్మ కుట్టుమిషనుకు కొత్త బెల్టు తేవాలి. తెగిన చెప్పుకి కుట్టు వేయించుకోవాలి. తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే ఆఫీసులో వేలిముద్ర వెయ్యాలి. భోజనాల వేళలోపు పన్నెండు వందల మంది సంగతి తేల్చాలి, సాయంత్రంలోపు ఇంకో పన్నెండు వందల మంది సంగతి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఓటర్ల జాబితా మూసేస్తారు కాబట్టి ఒక్క కేసు కూడా వెనకబడకూడదు. చివరిది, అన్నిటిలోకీ చిన్నది: గదులు ఊడ్చే పిన్నికి ఓటు చీటీ ఎందుకు రాలేదో చూసిపెట్టాలి.

చివరి పని రెండు నిమిషాల్లో అయిపోతుందనుకుంది.

పిన్ని శనివారమే అడిగింది. "మా సందులో అందరికీ చీటీలొచ్చాయి టీచరమ్మా. నాకొక్కదానికే రాలేదు. పొద్దస్తమానం నువ్వా పెట్టెలోకేగా చూసేది, నా పేరెక్కడ పడిపోయిందో ఓసారి చూసిపెట్టు" అంది, చీపురును నేలకేసి తట్టి పుల్లలు సమంగా సర్దుకుంటూ.

ఆ గదిలో ఆమెకు టీచరమ్మ అన్న పేరు స్థిరపడింది. చేరిన మొదటిరోజే గోడమీది సర్క్యులర్లో మూడు తప్పులు దిద్దినందుకు పక్క సీటు అతను తగిలించిన పేరది. అతని పేరు స్పీడు. అతనికి ఆ పేరు పెట్టింది గోడమీది బోర్డు.

ఆ బోర్డు గురించి చెప్పాలంటే ముందు పని గురించి చెప్పాలి. ఓటర్ల జాబితాను శుభ్రం చేసేది ఇప్పుడు యంత్రం. లక్షల ముఖాలను పక్కపక్కన పెట్టి, ఇది రెండోసారి వచ్చిన ముఖం, ఈయన చనిపోయి ఉండవచ్చు, ఈవిడ ఇల్లు మారి ఉండవచ్చు అని చెబుతుంది. అయితే యంత్రం ఒక్కటే మనిషి హక్కు తీసెయ్యకూడదు, తీసేముందు ఒక మనిషి కళ్ళారా చూసి ఒప్పుకోవాలి అని చట్టం ఉంది. మంచి చట్టమే. ఆమె డిగ్రీ మొదటి ఏడాదిలో ఉండగా జనం నెలరోజులు రోడ్లమీద కూర్చుని తెచ్చుకున్న చట్టం. దాని పుణ్యమా అని ఆమెకీ ఇంకో ఐదుగురికీ ఉద్యోగాలు వచ్చాయి. హోదా పేరు మానవ పరిశీలకులు. ఇంటిల్లిపాదిలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి, మొదటి ఉద్యోగం. నియామకపు కాగితాన్ని అమ్మ కుట్టుమిషను పైన అద్దం ఫ్రేములో పెట్టింది.

తెరమీద ఎడమపక్క ఒక ఫొటో, కుడిపక్క ఒక ఫొటో. కింద యంత్రం మాట. దాని కింద అరచేయంత ఆకుపచ్చ గడి, "సరే". మూలన గోరంత బూడిదరంగు గడి, "అనుమానం". సరే అనడానికి ఎంటర్ మీట ఒక్కసారి నొక్కితే చాలు. అనుమానం అంటే పద్నాలుగు గళ్ళ ఫారం తెరుచుకుంటుంది. అది నింపేసరికి పావుగంట పోతుంది, ఎవరు ఎన్ని కేసులు తేల్చారో చూపే గోడమీది బోర్డులో మన అంకె ఎర్రబడుతుంది. మూడు రోజులు ఎర్రగా ఉంటే నాలుగో రోజు సూపరింటెండెంటుగారు పిలుస్తారు.

స్టాప్లర్ సంగతి కనిపెట్టింది స్పీడు. వచ్చిన రెండోరోజే. భోజనానికి వెళ్తూ ఎంటర్ మీటమీద స్టాప్లర్ బరువు పెట్టి వెళ్ళాడు. కేసు తెరమీదకు వచ్చాక ఎనిమిది సెకన్లు ఆగాలని నియమం. ఆ ఎనిమిది సెకన్లూ కాగానే కేసు దానంతట అదే సరే అయిపోయి, ఇంకొకటి వచ్చేది. నలభై నిమిషాల భోజనంలో మూడు వందల కేసులు.

"యంత్రం చెప్పిందానికి మనం ఎలాగూ సరే అంటాం కదక్కా. మన వేలు నొక్కితేనేం, స్టాప్లర్ నొక్కితేనేం?" అన్నాడు వరండాలో డబ్బా మూత తీస్తూ.

మూడోరోజుకి ఆరు బల్లలమీదా ఆరు స్టాప్లర్లు పడుకున్నాయి. ఆమె స్టాప్లర్ కూడా. మొదటిరోజు మనసు పీకింది. రెండోరోజు బోర్డులో తన అంకె పచ్చబడింది. ఆ తర్వాత పీకడం మానేసింది.

సోమవారం పదకొండింటికి టీ వచ్చినప్పుడు ఆమె జాబితా తెరిచి పిన్ని వివరాలు కొట్టింది. పిన్ని ముఖం వచ్చింది. ముందుపన్ను సగం విరిగి ఉంటుందని పెదవులు బిగించి తీయించుకున్న ఫొటో. దానిమీద అడ్డంగా ఎర్రగీత. కింద నాలుగు వరుసలు.

తొలగింపు కారణం: రెండోసారి వచ్చిన ముఖం. యంత్రం నమ్మకం: నూటికి తొంభై ఎనిమిది. పరిశీలించిన మనిషి: నాలుగు. సమయం: గురువారం, ఒంటిగంటా ఇరవై రెండు.

నాలుగు అంటే ఆమే.

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. గురువారం ఒంటిగంటా ఇరవై రెండుకి ఆమె వరండాలో కూర్చుని అన్నం తింటోంది. అద్దంలోంచి గది కనిపిస్తూనే ఉంది. లోపల పిన్ని తడిగుడ్డతో బల్లలు తుడుస్తోంది. అవతలి చివరనుంచి ఒక్కొక్కటే తుడుచుకుంటూ నాలుగో బల్లకు వచ్చింది. వంగి, అడ్డొచ్చిన పెన్నులు ఎత్తి పక్కన పెట్టి, తుడిచింది. ఆ సమయంలోనే, ఆ తెరమీదే, పిన్ని నెత్తికి జానెడు పైన పిన్ని ముఖం ఎనిమిది సెకన్లు నిలబడి వెళ్ళిపోయింది.

"కనిపించిందా అమ్మా?" వెనకనుంచి పిన్ని అడిగింది. భుజాన తడిగుడ్డ.

"పిన్నీ, గురువారం నా బల్ల తుడిచావు కదా. తెరవైపు చూశావా?"

పిన్ని కంగారుపడింది. "అయ్యో, ఎందుకు చూస్తానమ్మా? పనివాళ్ళు తెరలకేసి చూడకూడదు, గుట్టు అని పెద్దసారు మొదటిరోజే కళ్ళెర్రజేశాడుగా. నేను తలే ఎత్తను. మీరు ఆ స్టాప్లర్ కదపొద్దు పిన్నీ అన్నారని దాన్ని కూడా ముట్టుకోలేదు. చుట్టూ తుడిచి వదిలేశాను."

ఆమె మంచి పని చేశావన్నట్టు తల ఊపింది. ఆ మధ్యాహ్నం భోజనానికి లేచేటప్పుడు స్టాప్లర్ తీసి సొరుగులో పడేసింది. అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. స్పీడు ఆమె డబ్బాలోకి తొంగిచూసి "అక్కా, ఆకలి లేకపోతే ఇలా తొయ్యి, నాకేం పట్టింపు లేదు" అన్నాడు. తోసేసింది.

మంగళవారం పొద్దున్నే సూపరింటెండెంటుగారి గదికి వెళ్ళింది. ఆయన పెన్ను మూతతో చెవి తిప్పుకుంటున్నారు. తిప్పి, మూత చివర చూసి, కర్చీఫుకి రాసి, మళ్ళీ పెన్నుకి పెట్టారు. అదే పెన్నుతో సంతకాలు పెడతారు.

ఆమె పిన్ని సంగతి చెప్పింది. స్టాప్లర్ సంగతి చెప్పలేదు.

ఆయన కేసు తెరిచి చూశారు. "ఇదిగో, రెండోముఖం. ఆ అడ్రసు కూడా ఉంది చూడు. ఈ ముఖంతోనే ఇంకో వార్డులో ఇంకో ఆడమనిషి ఉంది."

"అది వాళ్ళ అక్కయి ఉంటుంది సార్. కవలలమని పిన్ని ఎప్పుడో చెప్పింది."

"అయితే?"

"ఇద్దరు మనుషులు సార్."

"ముఖం ఒకటే కదా." ఆయన కుర్చీ వెనక్కి వాల్చారు. "టీచరమ్మా, నేను నీతో వాదించను. అక్కచెల్లెళ్ళు ఒకే ముఖం పెట్టుకుని పుడితే ఆఫీసేం చేస్తుంది? వ్యవస్థ రెండో ముఖాన్ని ఒప్పుకోదు. నేను ఎక్కించినా సాయంత్రానికి మళ్ళీ కిందికి తోసేస్తుంది."

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది ఆఫీసు. యంత్రం ఎద్దు ఈనిందంటుంది, వీళ్ళు పలుపుతాడు పట్టుకుని తిరుగుతారు. ఈ మాట ఆమె నాలుకచివరిదాకా వచ్చింది. మింగేసింది.

ఆయన గొంతు తగ్గించారు. ముఖంలోకి ఒక దయ వచ్చింది. "చూడు, ఆవిడ మన మనిషి. పదేళ్ళుగా నా గది ఊడుస్తోంది. మన మనిషికి మనం చెయ్యకపోతే ఎవరు చేస్తారు? ఓ పని చెయ్యి. ఈవిడ పేరు ఎక్కించి ఆ అక్క పేరు తీసెయ్. ముఖం ఒకటి, ఓటు ఒకటి. వ్యవస్థకీ బాధ లేదు. రేపు ఆవిణ్ణి రమ్మను, వేలిముద్ర తీసుకుందాం."

బుధవారం పిన్ని ఒక్కతే రాలేదు. అక్కను వెంటబెట్టుకుని వచ్చింది. పేరు తీస్తారట అని మాత్రమే చెప్పి తీసుకొచ్చినట్టుంది, ఆ అక్క మెట్లమీదనుంచే కేకలేస్తూ ఎక్కింది. అచ్చం అదే ముఖం. పిన్నికి పన్ను విరిగిన చోట ఆవిడకి నిండు పన్ను ఉంది, అంతే తేడా. రెండు వీధుల అవతల బట్టలు ఇస్త్రీ చేస్తుంది. మోచేతి నుంచి మణికట్టు దాకా పాతవీ కొత్తవీ కాలిన మచ్చలు, నిచ్చెన మెట్లలా. యంత్రం చేతులు చూడదు.

"ఎవడ్రా నా పేరు తీసేది?"

"అక్కా, ఇది ఆఫీసు. గొంతు తగ్గించు."

"ఆఫీసైతే? నీలా ఊడ్చి అలవాటైనదాన్నా, భయపడ్డానికి?"

"ఊడ్చేదాని జీతంతోనే నీ ఇస్త్రీపెట్టెకి కొత్త పిడి వచ్చింది, మర్చిపోకు."

"అరగంట ముందు పుట్టాను. అక్కని. నోరు ముయ్యి."

గదిలో ఆరుగురూ పనులు ఆపి చూస్తున్నారు. బోర్డులో అంకెలు ఒక్కొక్కటే ఎర్రబడుతున్నాయి. సూపరింటెండెంటుగారు నవ్వుతూ బయటికి వచ్చారు. ఇద్దరినీ మార్చిమార్చి చూశారు.

"యంత్రాన్ని ఏమనుకుని ఏం లాభం, నేనే తికమకపడుతున్నాను. అయినా అమ్మా, మీరిద్దరూ ఎవరికి వేస్తారు ఓటు?"

"చెప్పకూడదుగా" అంది పిన్ని.

"చెబితే ఏం?" అంది అక్క. "ఇది వాళ్ళకేస్తుంది, నేను వీళ్ళకేస్తాను. ముప్పై ఏళ్ళ నుంచీ ఇంతే. పోలింగు రోజు పొద్దున్నే ఇద్దరం కలిసి వెళ్ళి, ఒకరి ఓటు ఒకరు కొట్టేసి, కలిసి టీ తాగి వస్తాం."

స్పీడు పకపకా నవ్వాడు. సూపరింటెండెంటుగారు ఇంకా గట్టిగా నవ్వారు. "మరింకేం! ఎలాగూ కొట్టేసుకునే ఓట్లే. ఒకటి లేకపోతే ఏం పోయింది? రామ్మా చెల్లెమ్మా, ఇక్కడ వేలు పెట్టు. నీ పేరు ఎక్కిస్తాను, మీ అక్కది తీసేస్తాను. మన మనిషివి కాబట్టి చేస్తున్నాను."

అక్క కాలిన చేతులు రెండూ చీరచెంగు పట్టుకున్నాయి. అంతవరకూ పెద్ద గొంతుతో గది దద్దరిల్లించిన మనిషి చెల్లెలివైపు బిత్తరచూపు చూసింది.

పిన్ని వేలు పెట్టలేదు. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాకొద్దు సార్."

"వద్దా?"

"దాని పేరు తీసి నా పేరొద్దు. ముప్పై ఏళ్ళూ దాంతో పోట్లాడే వేశాను. అది వేసిందంటే నాకు మండుతుంది, నిజమే. మండితే నేను వెళ్ళి నా ఓటేస్తాను. మీరు దాన్ని తీసేస్తే నేను గెలిచినట్టా? దానికో ముఖముంది, నాకో ముఖముంది. అమ్మ ఇద్దరికీ వేరువేరుగానే నొప్పులు పడింది."

"ఏమ్మా, మంచికి పోతే చెడు ఎదురైనట్టుందే." సూపరింటెండెంటుగారి నవ్వు ఆరిపోయింది. "సరే, నీ ఇష్టం. ఓటు లేకుండానే ఉండు. తడిగుడ్డ తీసుకో, నా గది ఇంకా తుడవలేదు."

పిన్ని బకెట్ తీసుకుంది. అక్క ఆ బకెట్ చెల్లెలి చేతిలోంచి లాక్కుని, తనే మోసుకుంటూ ఆయన గదివైపు నడిచింది.

ఆ సాయంత్రం బస్సులో ఆమె పరిశీలకుల సూచనల పుస్తకం మొదటిపేజీ నుంచి చదివింది. ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చారు, అందరూ డబ్బా కింద వేసుకునే పుస్తకం. తొమ్మిదో నియమం దగ్గర ఆమె దిగవలసిన స్టాపు దాటిపోయింది. పరిశీలకులు స్వయంగా చూడని తొలగింపు ఏదీ చెల్లదు. చూడలేదని పరిశీలకులు రాతపూర్వకంగా తెలియజేస్తే, జాబితా మూసేలోగా ఆ పేర్లన్నీ వెనక్కి చేర్చాలి.

చట్టం రాసినవాళ్ళు బుద్ధిమంతులే. ఏ రోజుకో ఇలాంటి ఆఫీసు ఒకటి వస్తుందని వాళ్ళకు తెలిసే ఉంటుంది. ఆ తలుపు తాళంచెవి మాత్రం ఆమెలాంటి వాళ్ళ చేతిలో పెట్టి పోయారు.

ఇంట్లో అమ్మ కొత్త బెల్టు బిగించి మిషను తొక్కి చూస్తోంది. ఆమె స్టాప్లర్ సంగతి మొత్తం చెప్పింది. అమ్మ కాళ్ళు ఆగాయి.

"అంటే నువ్వు చూడకుండానే చూశానని పెట్టావా?"

"అందరూ అంతే చేస్తున్నారమ్మా."

"అందరి సంగతీ నేనడగలేదు." అమ్మ చక్రాన్ని చేత్తో ఆపింది. "కొలతలు తియ్యకుండా బట్ట కత్తిరించినట్టుందే నీ పని. పాడైంది ఎవరి బట్ట?"

అమ్మ ఫ్రేములోని కాగితంవైపు చూడనూ లేదు, ఏడవనూ లేదు. "రాస్తే ఉద్యోగం పోతుందేమో" అంది చివరికి. "పోతుంది" అంది ఆమె. "సరే, అన్నం తిను. చల్లారిపోతోంది."

గురువారం పొద్దున ఆమె స్పీడుతోనూ మిగతా నలుగురితోనూ చెప్పింది. కలిసి రాద్దాం, ఆరుగురం రాస్తే ఎవరినీ ఒక్కరిగా తప్పుపట్టలేరు అని. నలుగురు తమ తెరలవైపు తిరిగిపోయారు. స్పీడు మాత్రం తల దించుకుని బల్లమీద గోటితో గీశాడు.

"మా నాన్న మంచంలో ఉన్నాడక్కా. నా ఒక్కడి జీతం. నువ్వు రాసుకో. నా పేరు మాత్రం రానివ్వకు, నీకు దణ్ణం పెడతాను."

ఆమె తన ఒక్కదాని గురించే రాసింది. కాగితంమీద చేత్తో, కొట్టివేతలు లేకుండా. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పది రోజులు, ఒంటిగంట నుంచి ఒంటిగంటా నలభై వరకు నా నంబరుతో జరిగిన సుమారు మూడు వేల తొలగింపులను నేను చూడలేదు. ఆ సమయంలో నేను వరండాలో భోజనం చేస్తున్నాను. మీటమీద స్టాప్లర్ ఉంది. తొమ్మిదో నియమం ప్రకారం ఈ పేర్లన్నీ వెనక్కి చేర్చవలసిందిగా కోరుతున్నాను. సంతకం. రెండో కాపీమీద ఆఫీసు ముద్ర వేయించుకుంది. టపా గుమాస్తా చదవకుండానే ముద్ర వేశాడు.

సూపరింటెండెంటుగారు చదివారు. రెండుసార్లు చదివారు. చెవులదాకా ఎర్రబడ్డారు.

"చదువుకున్నదానివి. నీ చేత్తో నువ్వే నీ నెత్తిన దుమ్ము పోసుకుంటావా? ఆ ఊడ్చేదాని కోసం?"

"మూడు వేలమంది సార్."

"నీకు ఆ మూడు వేలమందిలో ఎంతమంది తెలుసు?"

"ఒక్కరు. మిగతావాళ్ళని చూడలేదనే కదా రాసింది."

ఆయన పెన్ను మూత తీశారు. ఆమె చూపు అటువైపు పోకుండా కిటికీకి మళ్ళించుకుంది.

శుక్రవారం పదకొండు గంటలకు పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఆమె ఊహించినదానికంటే త్వరగా వచ్చింది, ఊహించినదానికంటే పొందికగా ఉంది. నాలుగో పరిశీలకురాలి భోజనవేళ తొలగింపులన్నీ రద్దు. మూడు వేల పేర్లూ వెనక్కి. కవలల విషయంలో మాన్యువల్‌గా ఇద్దరినీ ఉంచవచ్చు. అలా ఉంచే వీలు మొదటినుంచీ ఉందట, ఎవరూ అడగలేదట. తర్వాతి పేరాలో యంత్రం పనితీరు లోపరహితమని, జరిగింది మానవ లోపమని, నాలుగో పరిశీలకురాలిని నేటినుంచి విధులనుంచి తప్పిస్తున్నామని ఉంది. ఆ తర్వాతి పేరాలో, మనుషుల పరిశీలన వల్లే లోపాలు వస్తున్నాయి కాబట్టి వచ్చే విడతనుంచి నూటికి ఐదు కేసులు చూస్తే సరిపోతుందని సిఫారసు. ఆఖరి పేరా: పరిశీలకుల బల్లలమీద స్టాప్లర్లు ఉంచరాదు.

మిగతా ఐదుగురి భోజనవేళల గురించి ఒక్క ముక్క లేదు. ఒక గదిలో ఆరు బల్లలుండగా ఒక బల్లమీదే స్టాప్లర్ ఎందుకు ఉంటుందని అడిగినవాడు లేడు. ఆమె బాత్రూముకు వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది.

పిన్ని పేరు తెరమీద మళ్ళీ కనిపించింది, గీత లేకుండా. పిన్ని అప్పుడు కూడా తెరకేసి చూడలేదు. ఆమె చెప్పినదాన్ని విని, "అక్కది కూడా ఉందా?" అని మాత్రం అడిగింది. ఉందని చెప్పాక చీపురు పక్కన పెట్టి, నేలమీద కూర్చుని, కాళ్ళు చాపుకుంది. ఆ ఆఫీసులో పిన్ని కూర్చోగా ఆమె చూడటం అదే మొదలు.

ఒంటిగంటకు అందరూ భోజనాలకు లేచారు. ఆమె గుర్తింపుకార్డు అప్పగించి, డబ్బా, గొడుగు, సొరుగులోని రెండు పెన్నులు సంచిలో వేసుకోవడానికి గదిలోకి వచ్చింది. స్టాప్లర్లు లేవు. స్పీడు మీటమీద గాజు పేపర్‌వెయిట్ ఉంది. ఆ పక్క బల్లమీద నిండు నీళ్ళసీసా. ఆ పక్కన సూచనల పుస్తకమే, నాలుగు మడతలు పెట్టి. ఐదు తెరలమీదా ముఖాలు వస్తున్నాయి, పోతున్నాయి.

పిన్ని తడిగుడ్డతో లోపలికి వచ్చింది. గుమ్మంలోనే ఆగింది.

"టీచరమ్మా. ఇప్పుడు నా పేరు మీద గీత లేదు కదా. ఒక్కసారి చూడొచ్చా, వాటికేసి?"

"చూడు పిన్నీ."

పిన్ని స్పీడు తెరముందు నిలబడింది. మొదట భయంగా, వంకరగా చూసింది. తర్వాత సూటిగా. ఒక ముఖం, ఇంకో ముఖం. ఎవరి జడో, ఎవరి మీసమో. పిన్ని ప్రతి ముఖానికీ కొంచెం తల ఊపుతోంది, ఎదురైన మనిషిని పలకరించినట్టు. ఆ పదిరోజుల్లో ఆ తెరను అలా చూసిన మనిషి ఆ గదిలో ఒక్కరూ లేరు. ఆమె కూడా.

"అరె! ఈయన మా సందు మొదట్లో గొడుగులు బాగుచేసే ముసలాయన కదూ. ఆ రాసింది ఏముందమ్మా కింద?"

"చనిపోయి ఉండవచ్చు అని."

"చచ్చిపోవడమేంటి? పొద్దున నాకు దారిచ్చాడు. దగ్గు తగ్గిందా చెల్లీ అని కూడా అడిగాడు!"

ఆమె సంచి వదిలేసి పేపర్‌వెయిట్ మీదికి చెయ్యి చాపింది. గాజు చేతిలోకి వచ్చేసరికి తెరమీద ఇంకెవరో కొత్తగా పెళ్ళయిన అమ్మాయి ఉంది.

వరండాలో స్పీడు సగం తిన్న డబ్బా ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పింది. ఒక్క వాక్యం రాయి, ఈ ఒక్క మనిషిని చూడలేదని రాయి, ఇంకా మూడున్నర గంటల టైముంది.

"ఒక్కడికి రాస్తే మిగతావాళ్ళని చూశావా అంటారక్కా." అతని నోట్లో అన్నం ఉంది. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. "నిన్ను పంపించారు కదా. నన్ను కూడా పంపించాలా?" లేచి లోపలికి వెళ్ళి పేపర్‌వెయిట్ మళ్ళీ మీటమీద పెట్టి వచ్చాడు. తిరిగి కూర్చున్నాడు కానీ డబ్బా ముట్టుకోలేదు.

ఆమె గదికి వెళ్ళి అడిగితే సూపరింటెండెంటుగారు తలెత్తకుండా చెప్పారు. "నువ్విప్పుడు ఉద్యోగివి కాదు. ఆయనకు అభ్యంతరం ఉంటే ఆయన్నే రమ్మను."

పిన్ని బకెట్ అక్కడే వదిలి పరుగెత్తింది. ఆయన సందులో లేకపోతే వీధులన్నీ వెతికి పట్టుకుంది, నాలుగున్నరకి ఇద్దరూ వచ్చారు. ముసలాయన చేతిలో ఇంకా ఒక గొడుగు ఊచ ఉంది, పని మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు. ఎడమకన్ను రెప్ప సగం వాలి ఉంటుంది. దారిలో ఎక్కడో పంపు దగ్గర ఆగి తల తడుపుకుని దువ్వుకున్నాడు. ఆఫీసుకు వెళ్తున్నాం కదా అన్నాడట. చొక్కా మూడో గుండీ లేదు, ఆ చోట గొడుగులు కుట్టే నల్లదారంతో ముడేసుకున్నాడు.

కింది హాల్లో అభ్యంతరాల కౌంటరులో మనిషి వివరాలు కొట్టి చూశాడు. "చనిపోయినవారి విషయంలో అభ్యంతరం కుటుంబసభ్యులు మాత్రమే పెట్టాలి. కుటుంబసభ్యులు వచ్చారా?"

"నాకెవరూ లేరు బాబూ. నేనే ఉన్నాను."

"మీరు పెట్టడానికి లేదు. ఇక్కడ మీ గడి తెరుచుకోదు."

"బతికే ఉన్నానని ఇక్కడ నిలబడి చెబుతున్నాను కదయ్యా. ఇంకెలా చెప్పాలి?"

"నాకు తెలుస్తోంది తాతా. దీనికి తెలియాలి కదా" అన్నాడు కౌంటరు మనిషి, తెర అంచుమీద వేలితో కొట్టి. చెడ్డవాడేం కాదు. కుర్చీ కూడా చూపించాడు. ముసలాయన కూర్చోలేదు.

ఆమె తొమ్మిదో నియమం చదివి వినిపించింది. గట్టిగా, హాలంతా వినపడేలా. మెట్లమీద స్పీడు నిలబడి విన్నాడు. ఐదయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు, కిందికి దిగలేదు, పైకీ ఎక్కలేదు. గోడగడియారం ఐదు కొట్టగానే కౌంటరు తెర నల్లబడింది. సూపరింటెండెంటుగారు మెట్లు దిగుతూ వాళ్ళను దాటి వెళ్ళారు. "వచ్చేసారి చూద్దాం పెద్దాయనా" అన్నారు.

"వచ్చేసారికి ఎలాగూ వాళ్ళ మాటే నిజమవుతుందిలే" అన్నాడు ముసలాయన పిన్నితో, ఊచ చేతిలో తిప్పుకుంటూ. నవ్వడానికి చూశాడు. పిన్ని నవ్వలేదు. ముగ్గురూ బయటి మెట్లు దిగారు.

ఈ కథ చదివినవాళ్ళకు ఒక మనవి. టీచరమ్మకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది, దొరక్కపోయినా అమ్మ మిషను ఉంది. అక్కచెల్లెళ్ళిద్దరూ పోలింగు రోజున ఒకరి ఓటు ఒకరు కొట్టేసుకుంటారు. వీళ్ళ గురించి దిగులు పడకండి. ఆ ముసలాయన్ని గుర్తుపెట్టుకోండి. తడిపి దువ్వుకున్న తల, వాలిన ఎడమ రెప్ప, గుండీ చోట నల్లదారం. గొడుగులు బాగుచేస్తాడు. ఆయన బతికే ఉన్నాడు.